మామయ్య వంతు

సాయంకాల ప్రార్థనకు లోకంలో ఎన్ని రకాలున్నాయో నాకు తెలియదు. మా ఇంట్లో మాత్రం నాలుగున్నాయి. నాలుగూ ఒకే గదిలో, ఒకే పూట, ఒకదాని తోక పట్టుకుని ఒకటి జరుగుతాయి. ఏడింటికి మొదలైతే ఎనిమిదిన్నర దాటితే గాని ఎవరి నోట్లోకీ ముద్ద దిగదు. దేవుడికి ఓపిక ఎక్కువంటారు. ఆయనకుంటే ఉండొచ్చు, నాకు లేదు.

నేను పళ్ళు కట్టే పని చేస్తాను. డాక్టరును కాను. డాక్టర్లు పంపే నోటి అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, మైనంలో పళ్ళు వరసగా గుచ్చి, కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేసే ఒక చిన్న ల్యాబులో పదకొండేళ్ళుగా ఉన్నాను. రోజంతా వంగి కూర్చుంటే మెడ పట్టేస్తుంది. వేళ్ళ సందుల్లో ప్లాస్టర్ ఎండి చర్మం పగులుతుంది. ఊళ్ళో ఎందరి నోళ్ళో బాగుచేశాను గాని మా ఇంట్లో ఒక్క నోరు మూయించలేకపోయాను. ఒక్క నోరు తెరిపించలేకపోయాను కూడా. అసలు బాధ ఆ రెండోదే.

ఆ నోరు మా మామయ్యది. ఆయన ముప్పై నాలుగేళ్ళు బస్సు డిపోలో టైమ్ కీపరుగా చేశారు. ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమో రాయడమే ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక ఆ గడియారం మా మీదకు తిరిగింది. సరిగ్గా ఏడు కొట్టగానే కళ్ళజోడు పెట్టుకుని, గోధుమరంగు గుడ్డ అట్ట వేసిన పుస్తకం తెరిచేవారు. అది అచ్చు పుస్తకం కాదు. వాళ్ళ తాతగారు చర్చిలో ఉపదేశిగా పనిచేసిన రోజుల్లో ఇంటి ప్రార్థన కోసం సొంతంగా కూర్చి, స్వహస్తంతో రాసుకున్నది. ఎడమ పేజీలో నడిపించేవాడి మాట, కుడి పేజీలో అందరి జవాబు. మామయ్య ఎడమ పేజీ చదివేవారు, మేం కుడి పేజీ అనేవాళ్ళం. పద్దెనిమిది నిమిషాలు, ఆమెన్, భోజనం. ఆ రోజుల్లో దానికే విసుక్కునేదాన్ని. ఎంత సుఖపడ్డానో అప్పుడు తెలియలేదు.

నాలుగు నెలల కిందట ఒక ఉదయం గడ్డం గీసుకుంటూ ఆయన పక్కకు ఒరిగిపోయారు. పక్షవాతం. కాలు కొంత తేరుకుంది, కుడి చెయ్యి కొంత తేరుకుంది, మాట మాత్రం పోయింది. అన్నీ అర్థమవుతాయి. ఆకలా అంటే తల ఊపుతారు, కాదంటే అడ్డంగా ఊపుతారు. నోటి నుంచి వచ్చేది ఒక్క ‘ఊ’ మాత్రమే. వారానికి రెండుసార్లు పెద్దాసుపత్రిలో మాటల డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్తున్నాం. ఆవిడ మంచిదే. మొహమాటం లేకుండా చెప్పింది. శుక్రవారం ఆయన ఫైలు చూస్తారట. నాలుగు నెలల్లో ఒక్క మాట కూడా రాకపోతే ఆయన వంతు వరసలో ఉన్న ఇంకొకరికి ఇచ్చేస్తారట. ఇంటి దగ్గర మీరే ఏదో ఒకటి చేసుకోండి అనడానికి అది మర్యాదైన మాట.

వెళ్ళేటప్పుడు ఇంకో మాట కూడా చెప్పింది. చిన్నప్పుడు నోటికి వచ్చినవి, అంకెలు గాని, పాటలు గాని, ప్రార్థనలు గాని, ముందుగా తిరిగొచ్చేది అవేనట. వాటితో ప్రయత్నించండి అంది. ఆ మాట అనకుండా ఉంటే మా ఇల్లు ఇంత అఘోరించేది కాదు. ప్రార్థన అన్న ఒక్క ముక్క పట్టుకుని ఎవరికి వారే యమునా తీరే అయిపోయారు.

మొదటి రకం అత్తయ్యది. ఏడు కాగానే ఆవిడ పుస్తకం మామయ్య ఒళ్ళో పెడుతుంది, కళ్ళజోడు తగిలిస్తుంది, ఆయన వేలు పట్టుకుని ఎడమ పేజీ మొదటి వరస మీద ఉంచుతుంది. అందరం వేచి ఉంటాం. గోడ గడియారం చూసి ఐదు నిమిషాలు. ఆయన నుదుట చెమట పడుతుంది. పెదాలు కదులుతాయి, గొంతులో ఏదో గరగరలాడుతుంది, అంతలో ఆగిపోతుంది. ఐదుగురం ఆయన నోరే చూస్తుంటాం. నన్ను ఐదుగురు అలా గుచ్చి గుచ్చి చూస్తే వచ్చే మాట కూడా రాదు.

ఐదు నిమిషాలయ్యాక అత్తయ్య నిట్టూర్చి తన వంతు మొదలుపెడుతుంది. తన వంతంటే కుడి పేజీ. ఎడమ పేజీ ఆయనదట. ఆయన బతికుండగా అది ఇంకొకరు చదవడమంటే ఆయన లేడని ఒప్పుకోవడమేనట. అందుకని ఎడమ పేజీకి ఎంత సేపు పడుతుందో అంత సేపు ఆగి, జవాబు మాత్రం చెబుతుంది. ‘మా ఇంట దీపం నీవే.’ మళ్ళీ నిశ్శబ్దం. ‘చూసి కూడా విడిచిపెట్టకు.’ మళ్ళీ నిశ్శబ్దం. పక్కింటావిడ ఫోన్లో మాట్లాడుతుంటే ఇవతలి మాటలే మనకు వినపడినట్టుంటుంది. ఏం చూశాడు, ఎవర్ని విడిచిపెట్టకూడదు, కొత్తవాళ్ళెవరైనా వస్తే ఒక్క ముక్క అర్థం కాదు. ఎవరైనా ఎడమ పేజీ చదివితే ఏం పోతుంది అత్తయ్యా అని ఒకసారి అడిగాను. ఆ తర్వాత రెండు రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు.

రెండో రకం మా మరిదిది. టైర్ల షాపులో పని. రెండేళ్ళ కిందట ఏదో కొత్త ప్రార్థన సహవాసంలో చేరాడు, అప్పటి నుంచి పుస్తకం చూసి చేసేది ప్రార్థనే కాదంటాడు. వాడికి నేను పెట్టిన పేరు మైకు. లేచి నిలబడి, చేతులెత్తి, కళ్ళు బిగించి, ఊపిరి తిప్పుకోకుండా ఇరవై ఐదు నిమిషాలు. మామయ్య నెత్తి మీద అరచెయ్యి పెట్టి, నాలుకను విప్పుకోమని ఆజ్ఞాపిస్తాడు. లారీ టైర్లు ఎత్తే చెయ్యి అది. ఆ ఊపుకు మామయ్య తల అటూ ఇటూ ఊగుతుంది. నెమ్మదిగా చెయ్యవయ్యా, మెడ విరుగుతుంది అంటే, వదినకు విశ్వాసం తక్కువ అంటాడు. నాకు తక్కువైంది విశ్వాసం కాదు, చెవులు.

మూడో రకం మా పెద్దాడపడుచుది. పక్క వీధిలో ఉంటుంది, లైబ్రరీలో ఉద్యోగం, సాయంత్రమయ్యేసరికి ఇక్కడ వాలుతుంది. ఎక్కడో కొండ మీద మూడు రోజుల ధ్యాన కూటానికి వెళ్ళొచ్చి మౌనం నేర్చుకుంది. లైటు ఆర్పించి, ఒక్క కొవ్వొత్తి వెలిగించి, పదిహేను నిమిషాలు ఎవరూ కదలకూడదంటుంది. చివర్లో ఒకే ఒక్క వరస పాట పన్నెండు సార్లు. ఆ మౌనంలో వినిపించేది నా కడుపు చేసే చప్పుడు ఒక్కటే. ఆవిడ ఒక కన్ను తెరిచి నా వంక చూస్తుంది, నేనేదో కావాలని చేస్తున్నట్టు.

నాలుగో రకం నాది. జపమాల చెప్పుకునే కథోలిక ఇంటి నుంచి వచ్చిన పిల్లను నేను. పెళ్ళయిన కొత్తలో అత్తయ్య ఆ పూసలు చూసి, ఇక్కడ మన పద్ధతి వేరమ్మా అని మెత్తగానే చెప్పింది. అప్పటి నుంచి నా జపమాల టిఫిన్ బ్యాగులో ఉంటుంది. బస్సులో తిప్పుకుంటాను, మిగిలింది మైకు అరుపుల మధ్య కొంగు చాటున తిప్పుకుంటాను. ఎవరికీ అడ్డం రాని ప్రార్థన ఇంట్లో అదొక్కటే.

ఇక మా ఆయన సంగతి. లిఫ్ట్ మెకానిక్. అంతస్తుల మధ్య ఇరుక్కున్నవాళ్ళను బయటకు లాగడం ఆయన వృత్తి. ఇంట్లో మాత్రం కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అమ్మ పుస్తకం దగ్గర అమ్మ వైపు, తమ్ముడు కేకల దగ్గర తమ్ముడి వైపు, అక్క మౌనం దగ్గర మాత్రం నిద్ర. నువ్వు ఒక్క మాట చెప్పు, అందరూ ఆగుతారు అని నాలుగు నెలలుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. చూద్దాంలే అంటాడు.

గురువారం వచ్చింది. మర్నాడే ఫైలు చూసేది. ఆ రోజు ల్యాబులో ఒక పెద్దాయన కింది సెట్టు నునుపు చేస్తుంటే నా చేతిలోనే రెండు ముక్కలైంది. ఆ సెట్టు మొదటి నుంచి మళ్ళీ చేసి, బస్సులో నిలబడి, ఏడుకు పది నిమిషాల ముందు ఇల్లు చేరాను. చేతికి ఇంకా ఆ ఘాటు మందు వాసన వస్తూనే ఉంది. మొహం కడుక్కునే లోపే అత్తయ్య కుర్చీలు వేసేసింది.

పుస్తకం, కళ్ళజోడు, వేలు, ఐదు నిమిషాలు. ఆ పూట ఆవిడ పదకొండు నిమిషాలు ఆగింది, రేపే కదా అని. మామయ్య మెడ మీద నరం ఉబ్బింది. పెదాలు వణికాయి. ‘ఊ’ అన్నారు. ‘ఊ, ఊ’ అన్నారు. అంతే.

మైకు లేచాడు. ప్రార్థనకు కాదు, పోట్లాటకు. నాన్న నోరు కట్టేసింది ఈ పుస్తకమే, ముందు దీన్ని అవతల పెడితే గాని విడుదల రాదు అన్నాడు. నీ అరుపులకు మాటొచ్చినవాడికి కూడా పడిపోతుందిరా అంది అత్తయ్య. నా మామగారు చదివిన పుస్తకం, నీ తండ్రి చదివిన పుస్తకం, నీ కంటికి ఆనలేదా అంది. ఆడపడుచు కళ్ళు మూసుకునే, ఇద్దరూ ఒక్కసారి గాఢంగా ఊపిరి తీసుకోండి అంది. నువ్వు నోర్ముయ్యి అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఈ ఇంట్లో వాళ్ళిద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది ఆ ఒక్కసారే. మా ఆయన స్టూలెక్కి, శుభ్రంగా వెలుగుతున్న బల్బును విప్పి మళ్ళీ బిగిస్తున్నాడు.

అప్పుడు మామయ్య ఎడం చేత్తో ఆ పుస్తకాన్ని ఒళ్ళోంచి నెట్టేశారు. అది నేల మీద పడింది. ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నారు. సిగ్గు పడుతున్నారు. నలభై ఏళ్ళు ఈ గదిలో ముందు మాట పలికిన మనిషి, పిల్లల ముందు, నా ముందు, సిగ్గుతో గోడకేసి చూస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే ముందు బయటకొచ్చేది కోపమే, చిన్నప్పటి నుంచీ అంతే.

వంగి పుస్తకం తీశాను.

“ఇక చాలు,” అన్నాను. “ఆయన మొదలుపెట్టరు. పెట్టలేరు. నాలుగు నెలలుగా ఎదురుగా కూర్చుని చూస్తున్నారు, ఇంకా తెలీట్లేదా మీకు? ఎవరో ఒకరు చదివి ఏడవండి, లేదంటే నన్ను చదవనివ్వండి.”

అత్తయ్య చెయ్యి చాచింది, పుస్తకం లాక్కోవడానికి. నేను వెనక్కి జరిగి ఎడమ పేజీ చదివేశాను. భక్తితో కాదు. బస్సులో కాలు తొక్కినవాణ్ణి తిట్టే గొంతుతో చదివాను.

“ప్రభువా, చీకటి పడుతోంది.”

“మా ఇంట దీపం నీవే.”

అది అత్తయ్య గొంతు కాదు. ఎండిపోయిన, బొంగురుపోయిన గొంతు, గోడ వైపు నుంచి వచ్చింది. స్టూలు మీద మా ఆయన బల్బు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆగితే పోతుందేమోనని భయపడి వెంటనే రెండో వరస చదివాను.

“ఈ రోజు మేం చేసిందంతా చూశావు.”

“చూసి కూడా... విడిచిపెట్టకు,” అన్నారు మామయ్య. మొహం నా వైపు తిప్పారు. తన నోటి నుంచి ఏం వచ్చిందో తనకే తెలియనట్టు కళ్ళు పెద్దవయ్యాయి.

అప్పుడు నాకు వెలిగింది. ఎంత మూర్ఖులం అందరం. ఎడమ పేజీ ఆయనకు నోటికి రాదు. ఏనాడూ రాలేదు. టైమ్ కీపరు మనిషి, ఒక్క అక్షరం తప్పిపోకూడదని నలభై ఏళ్ళూ కళ్ళజోడు పెట్టుకుని చూసే చదివారు. పక్షవాతం ఆ చదువును తీసుకుపోయింది. ఆయనకు నోటికి వచ్చింది కుడి పేజీ. అక్షరాలు రాని వయసులో, వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుని, వాళ్ళ నాన్న చదువుతుంటే అందరితో కలిసి అన్న జవాబులు అవి. మా పుట్టింట్లో జపమాలా అంతే. మొదటి సగం మా అమ్మది, రెండో సగం పిల్లలది. మొదటి సగం నన్ను చెప్పమంటే ఇప్పటికీ తడబడతాను. ఎవరైనా మొదటి సగం అంటే చాలు, రెండో సగం దానంతటదే నోట్లోంచి దొర్లుతుంది. ఇంత తెలిసినదాన్ని నాలుగు నెలలు కొంగు చాటున పూసలు తిప్పుకుంటూ కూర్చున్నానే గాని ఆలోచించలేదు. నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఇంకో వరస చదివాను, జవాబొచ్చింది. ఇంకోటి చదివాను, వచ్చింది. ఐదో వరసకు మైకు తట్టుకోలేకపోయాడు. “స్తోత్రం!” అని కిటికీ అద్దాలు అదిరేలా అరిచాడు. మామయ్య ఉలిక్కిపడి నోరు మూసేశారు. మళ్ళీ ఎంత బతిమాలినా ఆ పూట తెరవలేదు.

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ తల బద్దలవుతుంది. మనిషి నాలుగు నెలల తర్వాత మాట్లాడాడు, ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవడం మానేసి, ఎవరి ప్రార్థన ఫలించిందని వాదన. తన ఆజ్ఞకు నాలుక విప్పుకుందంటాడు మైకు. పెద్దల పుస్తకం కాపాడిందంటుంది అత్తయ్య. మౌనం లోపల పనిచేసి ఇప్పుడు బయటపడింది అంటుంది ఆడపడుచు. కళ్ళు తుడుచుకుంటూనే కొట్టుకున్నారు. నేను వంటింట్లోకి పోయి, నిలబడే రెండు ముద్దలు తిన్నాను. మామయ్యకు తినిపించి పడుకోబెట్టేసరికి మా ఆయన వచ్చి, నువ్వు మంచి పని చేశావు అన్నాడు. ఆ మాట అక్కడ గదిలో, అందరి ముందు అనొచ్చు కదా అన్నాను. చూద్దాంలే అన్నాడు.

శుక్రవారం సెలవు పెట్టాను. పది గంటలకు ఆసుపత్రిలో ఉన్నాం. లోపలికి రోగితో పాటు ఇద్దరే అన్నారు. నేనూ అత్తయ్యా వెళ్ళాం. మైకు కూడా వచ్చాడు, వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టాను. తలుపులోంచి నీ గొంతు వినపడిందంటే కట్టుడు పళ్ళు ఎందుకు పెట్టించుకోవాలో నీకే తెలుస్తుందని చెప్పాను. నమ్మినట్టే ఉంది.

చిన్న గది. గోడకు పండ్ల బొమ్మలు, జంతువుల బొమ్మలు, బల్ల మీద అద్దం. డాక్టరమ్మ గ్లాసు బొమ్మ చూపించి ఇదేంటి అంది. మామయ్య ‘ఊ’ అన్నారు. తాళంచెవి చూపించింది. ‘ఊ.’ మీరెవరు అంది. ఆయన తల దించుకున్నారు. ఆవిడ ఫైల్లో ఏదో రాసింది. నేను సంచిలోంచి పుస్తకం తీసి, నిన్న సాయంత్రం జరిగిందంతా చెప్పి, ఒక్కసారి వినండి అన్నాను.

అత్తయ్య నా మోచెయ్యి గిల్లింది. “ఇది సాయంకాల ప్రార్థన,” అంది గుసగుసగా. “పొద్దున్న పదింటికి చీకటి పడుతోందని ఎలా అంటావు? దేవుడితో అబద్ధం చెబుతామా?”

నాకు తల ప్రాణం తోకకొచ్చింది. అవతల మనిషి నోరు పోయేట్టుంది, ఈవిడకు ఎండ అడ్డొచ్చింది. “అత్తయ్యా,” అన్నాను, “నాలుగు నెలలుగా మనింట్లో పడింది చీకటి కాకపోతే మరేంటండి?”

ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల చూసింది. నేను చదివాను. మామయ్య జవాబు చెప్పారు. మొదట తడబడ్డారు, మూడో వరసకు గొంతు నిలిచింది. ‘అలసిన చేతులు నీ ముందు పెడుతున్నాం’ అంటే ‘వట్టి చేతులైనా తోసెయ్యకు’ అన్నారు, ప్రతి అక్షరం విడిగా వినపడేలా. డాక్టరమ్మ కలం బల్ల మీద పెట్టి నవ్వింది. చాలా మంచి గుర్తు ఇది అంది. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

ఇల్లు అలకగానే పండగ కాదుగా. నవ్వుతూనే ఆవిడ ఫారం నా వైపు తిప్పి చూపించింది. నోటికి వచ్చినవి పాటలా దొర్లుకుంటూ వస్తాయమ్మా, వాటి వెనుక ఆయన ఆలోచన ఉండాలని లేదు, ఇక్కడ అడిగేది ఆయనంతట ఆయన అన్న మాట ఉందా లేదా అని, అది లేకపోతే నేను ఉందని రాయలేను అంది. ఆవిడ గొంతులో బాధ నిజమే. నాకు మాత్రం ఆ ఫారం తీసి ముక్కలు చెయ్యాలనిపించింది. నాలుగు నెలల తర్వాత మనిషి నోరు తెరిస్తే, ఆ మాట కాదు, ఇంకో మాట కావాలట.

ఆవిడ ఫైలు మూయబోయింది.

“మూయకండి,” అన్నాను. “ప్రార్థన ఇంకా సగంలోనే ఉంది. ఆమెన్ దాకా చదవనివ్వండి, తర్వాత మీ ఇష్టం వచ్చింది రాసుకోండి.”

మొండితనమే, వేరే ఆలోచనేం లేదు. ఏదో వస్తుందన్న ఆశ కూడా లేదు. ఆవిడ గడియారం చూసుకుని, సరే అంది. పేజీ తిప్పాను.

ఆ పేజీలో ఒక చోట తాతగారు రెండు వైపులా ఖాళీ వదిలారు. రోగుల కోసం చేసే ప్రార్థన అది. నడిపించేవాడు ఒక వరస చదివి ఆగాలి. అప్పుడు ఎవరికి తోచిన పేరు వాళ్ళు చెప్పాలి. మా ఇంట్లో ఆ చోట పేర్లు చెప్పేది మామయ్య ఒక్కరే. కాలు విరిగిన డ్రైవరు, గుండె నొప్పి కండక్టరు, పై వాటాలో ముసలావిడ మోకాళ్ళు, డిపో గేటు దగ్గర చెప్పులు కుట్టే అతని భార్య, ఆవిడ తమ్ముడు. ఎంత చెప్పినా తరగని జాబితా. మేం ఆకలితో ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం. ఇన్నేళ్ళలో ఆయన తన పేరు గాని, తన నొప్పి గాని ఒక్కసారి చెప్పగా వినలేదు.

“రోగంతో ఉన్నవాళ్ళను నీకు అప్పగిస్తున్నాం,” అని చదివి ఆగాను.

ఇక్కడ కుడి పేజీలో ఏమీ లేదు. నోటికి వచ్చింది దొర్లుకుంటూ రావడానికి ఏమీ లేదు. వరండాలో ఎవరి చెప్పుల చప్పుడో దూరంగా వెళ్ళిపోయింది. మామయ్య నన్ను చూశారు. తర్వాత అత్తయ్యను చూశారు. వణుకుతున్న కుడి చెయ్యి మెల్లగా ఎత్తి గుండె మీద పెట్టుకున్నారు.

“నేను,” అన్నారు.

డాక్టరమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. ఏమన్నారు అని అడగలేదు, వినబడింది. తర్వాతి వరస నేను చదవాలి. ‘వాళ్ళ పక్కన కూర్చో తండ్రీ’ అని ఉంది, కళ్ళ ముందే ఉంది. చదవలేకపోయాను. అక్షరాలు నీళ్ళల్లో కలిసిపోయాయి. ఇన్నాళ్ళూ ఇంట్లో అందరి మీదా ఒంటికాలి మీద లేచినదాన్ని, కావలసిన చోట ఒక్క ముక్క పలకలేకపోయాను.

అత్తయ్య నా చేతుల్లోంచి పుస్తకం తీసుకుంది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆవిడ నోట రాని పేజీ అది. పుస్తకం వంక చూడనైనా చూడలేదు. మూసి ఒళ్ళో పెట్టుకుని, మామయ్య మొహంలోకే చూస్తూ, తాతగారు రాసిన మాట మార్చి పలికింది.

“ఈయన పక్కన కూర్చో తండ్రీ.”

“తెల్లవారేదాకా కూర్చో,” అన్నారు మామయ్య, ఆవిడ చెయ్యి పట్టుకుని.